శుక్రవారం గాలి

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్టాపు పక్కన బుచ్చిబాబుగారు నిలువెత్తు ఫ్లెక్సీలో చిరునవ్వులు చిందిస్తున్నారు. నాచారంలోని ఆయన ఇంట్లో మాత్రం పొయ్యి మీద ఉప్మా సగంలో ఆగిపోయింది.

ఆ కబురు మోసుకొచ్చింది ఎదురింటి కౌసల్యమ్మ. కూరగాయలకని వెళ్లి, కూరగాయలు కొనడం మరిచిపోయి, వట్టి సంచితో పరుగెత్తుకొచ్చింది.

"వదినా, అన్న ఫోటో సూసినవా? గింత పెద్దగ ఏసిన్రు. పక్కన్నే ఆ రంగుల ఫ్యాక్టరోని పేరు. గదేంది, మనం ఏడాది సంది కొట్లాడేది ఆళ్లతోనే గదా?"

కమలకుమారి స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుని, ముందుగదిలోకి వచ్చి నిలబడింది. కౌసల్యమ్మ గాలి ఎటు వీస్తుందో కనిపెట్టి, "మల్లొస్త" అని గడప దాటేసింది.

బుచ్చిబాబుగారు పేపరు చదువుతున్నారు. చదువుతున్నారంటే, చాలాసేపటి నుంచి ఒకే పేజీని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆఫీసుకు వెళ్లాల్సిన బిందుమాధవి చెప్పులు వేసుకుని కూడా కుర్చీలోంచి లేవలేకపోయింది.

"బిందూ, మీ నాన్నగారిని అడుగు. సాయంత్రం సన్మానం చేసేదెవరో."

"నేనిక్కడే ఉన్నాను కమలా. నన్నే అడగొచ్చు."

"ఆయన్ని అడగమన్నాను బిందూ."

బుచ్చిబాబుగారు పేపరు దించారు. "హరిత సమితి వాళ్లు. పర్యావరణ సంస్థ. 'పరిసర బంధు' అని పురస్కారం. వారం నుంచీ చెబుతూనే ఉన్నానుగా."

"ఆ సమితి ఎక్కడుందో అడుగు. ఆఫీసు ఏ వీధిలోనో, మనుషులు ఎవరో."

బుచ్చిబాబుగారు కూతురి వైపు చూశారు. కూతురు ఫ్యాను వైపు చూసింది.

ఆ సమితి ఎక్కడుందో బిందుమాధవికి బాగా తెలుసు. బంజారాహిల్స్‌లో, సుస్వర అసోసియేట్స్ ఆఫీసులో, ఆమె టేబుల్ సొరుగులోనే ఉంది. ఓ రబ్బరు స్టాంపు, కొన్ని లెటర్‌హెడ్లు, మడతపెట్టిన బ్యానరు. సమితి అంటే అంతే. ఎవరికి అవసరం పడితే వాళ్ల కోసం బయటికి తీసి, పని కాగానే మళ్లీ లోపల పెడతారు.

"చెప్పవే" అంది తల్లి. ఈసారి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని బిందుమాధవికి అనిపించింది.

"మా క్లయింటేనమ్మా. వర్ణమిత్ర కెమికల్స్."

పేపరు కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

వర్ణమిత్ర అంటే ఆ కాలనీలో ఎవరికీ కొత్త కాదు. దీపాలు పెట్టే వేళకి దాని గాలి దిగుతుంది. పాత చెప్పులూ కుళ్లిన గుడ్లూ కలిపి కాల్చినట్టు ఉంటుంది ఆ వాసన. కిటికీలు బిగించుకుని, కళ్లు మండుతుంటే దేవుడి ముందు వత్తి వెలిగించుకోవాలి. కౌసల్యమ్మకి ఆయాసం మొదలైతే దవాఖానా దాకా పోవాల్సిందే. కాలనీ వాళ్లు మీటింగులు పెట్టారు, అర్జీలు పెట్టారు. ఎప్పుడడిగినా ఫ్యాక్టరీ వాళ్లది ఒకటే మాట. వాసన మాది కాదు, పక్కనున్న మురుగు నాలాది.

ఇప్పుడు ఆ వర్ణమిత్ర రెండో యూనిట్ పెట్టుకుంటానంటోంది. అనుమతి ఫైలు సచివాలయంలో ఉంది. దానిలో కాలనీ అభ్యంతరాలూ ఉన్నాయి. కాలనీ సంఘం అధ్యక్షుడు బుచ్చిబాబుగారే.

"అంటే, ఆ శాలువా..." అన్నారు బుచ్చిబాబుగారు.

"కాలనీ పెద్దమనిషికి కంపెనీ వాళ్ల వేదిక మీద సన్మానం. ఆ ఫోటో ఫైలుకి వెళుతుంది నాన్నా. అధ్యక్షుడే సంతోషంగా శాలువా కప్పించుకున్నాక, ఇక అభ్యంతరం ఎవరిది అంటారు."

"ఇదేనా నువ్వు చేసే ఉద్యోగం?" అంది కమలకుమారి.

"మేం లంచాలివ్వమమ్మా! ఎవరికీ ఒక్క పైసా ఇవ్వం. ప్రభుత్వానికీ కంపెనీలకీ మధ్య మంచి వాతావరణం కల్పిస్తాం, అంతే."

"లంచం తిన్నవాడికి తిన్నానని తెలుస్తుంది. శాలువా కప్పుకున్నవాడికి అదీ తెలియదు. మీ పద్ధతే నయం అనుకున్నావా?"

ఆఫీసులో బిందుమాధవి ఇంగ్లీషులో ఎన్నోసార్లు గొప్పగా చెప్పిన సంగతే. తల్లి నోట తెలుగులో వినేసరికి సిగ్గేసింది.

తండ్రి పేరు చెప్పింది తానే. ఎవరో ఒక పెద్దాయన కావాలని బాస్ తేజేష్ అడిగినప్పుడు నోరు జారింది. జారడమేంటి, ఇష్టపడే చెప్పింది. బుచ్చిబాబుగారు ప్రభుత్వరంగ సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరైన రోజు బంద్. వీడ్కోలు సభ జరగలేదు. కప్పాల్సిన శాలువాని మర్నాడు ఆఫీసు డ్రైవరు సంచిలో తెచ్చి గుమ్మంలో ఇచ్చి, టీ తాగి వెళ్లాడు. ఆయన దాన్ని బీరువాలో పెట్టి ఇంతవరకు మడత విప్పలేదు. నలుగురి మధ్య, చప్పట్ల మధ్య, నాన్న భుజం మీద ఒక శాలువా పడాలని కూతురు ఆశపడింది. ఆ ఆశలో మిగతాది కళ్లకు కనబడలేదు, లేదా కనబడనివ్వలేదు.

"నేను వెళ్లను" అన్నారు బుచ్చిబాబుగారు. "ఫోన్ చేసి చెప్పెయ్ అమ్మా. జ్వరమని చెప్పు."

"చెబుతాను నాన్నా." బిందుమాధవి చెప్పులు విప్పేసింది. "తేజేష్ ఊరుకోడు. ఫర్వాలేదు. ఇంకోచోట చూసుకుంటాను."

వీధిలో పాతసామాన్ల వాడి అరుపు దూరమైపోయింది.

"ఆ శాలువా కప్పేదెవరు?" అంది కమలకుమారి ఉన్నట్టుండి.

"తారామణిగారని, ఆ ఫైలు చూసే పెద్ద ఆఫీసరు."

"ఆడమనిషా?"

"అవునమ్మా."

"నాకూ పిలుపుందన్నావు కదూ?"

"దంపతులిద్దరూ వేదికెక్కాలని తేజేష్ పట్టు. పక్కన భార్య ఉంటే ఫోటో సహజంగా ఉంటుందట. నీకు చీర, పసుపు కుంకుమ పెట్టిస్తారు."

కమలకుమారి వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ వెలిగిన చప్పుడైంది. "ఆయన్ని స్నానం చెయ్యమను" అని లోపల్నుంచే కేకేసింది. "వెళుతున్నాం."

*

లక్డీకాపూల్ హోటల్ హాల్లో ఏసీ చల్లగా ఉన్నా బుచ్చిబాబుగారికి చెమటలు పట్టాయి. మెట్ల దగ్గర తేజేష్ రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు. ఎంత ఖరీదైన చొక్కా వేసినా ఇంటి కుర్రాడిలా కలిసిపోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"అంకుల్, ఆంటీ, మీరు ఊరికే నవ్వుతూ నిలబడితే చాలు. మిగతాదంతా మేం చూసుకుంటాం."

కమలకుమారి నవ్వింది. ఆ నవ్వు ఏమిటో కూతురికి తెలుసు. ఇంటికి అప్పులవాళ్లొచ్చినా, ఆడపడుచులొచ్చినా ఆవిడ నవ్వే నవ్వు అది.

ఉపన్యాసాలు అయ్యాయి. కంపెనీ చైర్మన్ పచ్చదనం గురించి మాట్లాడుతూ కళ్లు తడి చేసుకున్నాడు. బుచ్చిబాబుగారి భుజాల మీద తారామణిగారు శాలువా కప్పారు. ఆయన తల వంచుకున్నారు. చప్పట్లు మోగుతుంటే బిందుమాధవి చేతులు కలపలేకపోయింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న చప్పట్లు అవి.

తర్వాత కమలకుమారికి పళ్లెం ఇచ్చారు. చీర, పళ్లు, తమలపాకులు, చిన్న గిన్నెలో కుంకుమ. ఆవిడ పళ్లెం అందుకుని, అలా వెళ్లి కూర్చోకుండా, దాన్ని బల్ల మీద పెట్టింది. కుంకుమ వేలికి అద్దుకుని తారామణిగారి ముందుకు నడిచింది.

"ఒక్క నిమిషం అమ్మా." వేదిక మీది మైకు ఆ మాటని హాలంతటికీ వినిపించింది.

నుదుట బొట్టు పెట్టింది.

"ఎల్లుండి మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. నాచారంలో. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పేరంటానికి రావాలి. తప్పకుండా రావాలి."

చైర్మన్ తేజేష్ వైపు చూశాడు. తేజేష్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

తారామణిగారు నుదురు తడుముకున్నారు. కళ్లజోడు వెనక ఆ ముఖం కొంచెం మెత్తబడింది. "నన్ను బొట్టు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో! అందరూ కార్డులు పంపేవాళ్లే. వస్తానమ్మా. ఇలా పిలిచాక కాదంటే బాగుంటుందా?"

వెనక వరసలో నిలబడ్డ బిందుమాధవికి అప్పుడు అర్థమైంది, అమ్మ ఎందుకు బయల్దేరిందో. దీపాలు పెట్టే వేళ. గాలి దిగే వేళ. ఆఫీసరుగారు తమ గుమ్మంలో కూర్చుని అరగంట ఊపిరి పీల్చుకుంటే చాలు. ఏ అర్జీ చెప్పలేనిది ఆ గాలే చెబుతుంది. మనసులో అమ్మకి దణ్ణం పెట్టుకుంది.

ఆ సంతోషం వరండా దాకా కూడా నిలవలేదు.

"బిందూ, మీ మదర్ జీనియస్!" తేజేష్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "మేడమ్‌ని కాలనీకి రప్పించాలని నేనే ఆరు నెలలుగా చూస్తున్నా. ఇప్పుడే ప్లాంటుకి చెప్పేశా. శుక్రవారం మధ్యాహ్నం నుంచి అంతా బంద్. ఆవిడ హాయిగా ఫ్రెష్ ఎయిర్ పీల్చి, శనగలు తిని వెళ్తారు. ఇంక ఆ కంప్లెయింట్లు ఎవరు నమ్ముతారు? నేనూ వస్తా, ఫోటోగ్రాఫర్ని తీసుకుని."

*

సందు మొదట్లోనే వాసన ఎదురొచ్చింది. కౌసల్యమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీళ్ల గేటు దగ్గర కాచుకుని ఉంది.

"ఏమాయె వదినా? అస్తనన్నదా ఆమె?"

"వస్తానంది."

"మస్తు పని జేసినవ్! ఈ కంపులో ఒక్క పావుగంట కూసోబెడితే సాలు."

బిందుమాధవి ఇక దాచలేకపోయింది. మెట్ల మీద కూర్చుని తేజేష్ అన్నదంతా చెప్పేసింది. బుచ్చిబాబుగారు శాలువా తీసి ఒళ్లో పెట్టుకుని వింటున్నారు.

"అయిపాయె" అంది కౌసల్యమ్మ. "మనం గుర్రమెక్కితే ఆళ్లు ఏనుగెక్కిన్రు. పిలిచి పిలిచి ఆళ్లకే మేలు జేస్తిమి."

కమలకుమారి మొగుడి వైపు తిరిగింది. పొద్దున్నుంచి ఆయనతో నేరుగా మాట్లాడింది అప్పుడే.

"ఏవండీ. వాసన నాలాది అన్నారు కదా వాళ్లు?"

"ప్రతి మీటింగులోనూ అన్నారు."

"నాలాని శుక్రవారం మధ్యాహ్నం బంద్ చెయ్యగలరా?"

బుచ్చిబాబుగారు తల ఎత్తారు. ఆయన మొహంలోకి మెల్లగా రక్తం వచ్చింది. "వాళ్లు ఆపితే ఆగుతుందంటే, అది వాళ్లదేనన్నమాట. ఏడాదిగా కాదన్న మాట వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు కమలా!"

"ఇంకేం మరి" అంది కౌసల్యమ్మ. "గా మాట ఆమెకు జెప్పుడే!"

"ఎవరు చెప్పాలి?" అన్నారు బుచ్చిబాబుగారు.

జవాబు అందరికీ తెలుసు. తేజేష్ ఆ మాట అన్నది ఒక్కరితోనే. నలుగురూ నాలుగు వైపులకి చూశారు.

"పొల్ల మీద ఎయ్యకుర్రి" అంది కౌసల్యమ్మ చివరికి. "నౌకరీ పోతది."

"నేను అడగను" అంది కమలకుమారి. "నేనూ చెప్పను. బొట్టు పెట్టి పిలిచిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి పని మాట్లాడితే, మనకీ ఆ హోటల్ వాళ్లకీ తేడా ఏముంది? గాలి దానంతటదే చెప్పుకుంటుందనుకున్నాను. దాని నోరు కట్టేశారు. వ్రతం మాత్రం ఎప్పట్లాగే చేస్తాను."

బిందుమాధవి ఆ పూట అన్నం ముట్టలేదు. తల్లి కూడా తినమని బలవంతపెట్టలేదు.

*

శుక్రవారం సాయంత్రం కాలనీలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఎవరింట్లో చూసినా అదే ఆశ్చర్యం. మల్లెపూల వాసన తెలుస్తోంది. పక్కింటి తిరగమోత తెలుస్తోంది. కౌసల్యమ్మ కొత్త చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చింది.

"ఇయ్యాల ఊపిరి తీస్తే ఊపిరే అస్తుంది. మల్ల రేపటి సంది మన రాత ఎట్లుంటదో."

ఆ మాట బిందుమాధవికి ముల్లులా గుచ్చుకుంది. కౌసల్యమ్మ దాన్ని ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అయినా గుచ్చుకుంది. ఈ గాలి ఇంత హాయిగా ఉంటుందని ఆ కాలనీకి ఇన్నాళ్లూ తెలియకుండా చేసినవాళ్ల జీతమే కదా తను తీసుకుంటున్నది.

కలశం ముందు దీపాలు నిలకడగా వెలుగుతున్నాయి. ముత్తైదువలు వచ్చి తాంబూలాలు తీసుకుంటున్నారు. చీకటి పడుతుండగా వీధిలో కారు ఆగింది. తారామణిగారు బంట్రోతులెవరూ లేకుండా, సాదా చీరలో, చేతిలో పూలపొట్లంతో వచ్చారు. ఆవిడ వెనకాలే సందు చివర ఇంకో కారు ఆగింది. అది ఎవరిదో బిందుమాధవి గుర్తుపట్టింది.

"రండమ్మా, రండి. ఇలా కూర్చోండి." కమలకుమారి పీట వేసింది. "బిందూ, పసుపు రాయమ్మా."

ఇంటి ఆడపిల్ల పేరంటాళ్ల కాళ్లకి పసుపు రాయాలి. బిందుమాధవి కింద కూర్చుని, చేతుల నిండా పసుపు తీసుకుని, తారామణిగారి కుడి పాదానికి రాయడం మొదలుపెట్టింది. కమలకుమారి మెడకి గంధం పూసింది. కౌసల్యమ్మ శనగల గిన్నె పట్టుకుని గోడకి ఆనుకుంది.

"చల్లగా, హాయిగా ఉంది మీ ఇల్లు" అన్నారు తారామణిగారు చుట్టూ చూస్తూ. తర్వాత నవ్వుతూనే అన్నారు. "కమలకుమారిగారూ, మీ కాలనీ వాళ్లు రాసినవన్నీ చదివాను. సాయంత్రమైతే వాసనకి ఉండలేకపోతున్నామని రాశారు. నాకేమీ తెలియడం లేదే?"

కమలకుమారి గంధం గిన్నె కింద పెట్టింది. "శనగలు తీసుకోండమ్మా" అంది. అంతే అంది. ఇచ్చిన మాట మీద నిలబడటానికి ఆవిడ ఎంత బిగబట్టుకుందో మెడ నరాలు చెబుతున్నాయి. ముందుగదిలో బుచ్చిబాబుగారు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నారు.

కిటికీ గూట్లో బిందుమాధవి ఫోన్ మోగింది. తెర మీద తేజేష్ పేరు వెలిగింది. చేతుల నిండా పసుపు. తీయడానికి వీల్లేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

ఎంత భయపడిందో అంత తేలికైంది ఆమెకి. తల ఎత్తింది.

"మేడమ్, ఈ గాలి మాది కాదు. మీ కోసం తెచ్చింది."

"అంటే?"

"మధ్యాహ్నం నుంచి ఫ్యాక్టరీ ఆపించారు. మీరు వెళ్లిపోయాక మళ్లీ నడుపుతారు. వాసన నాలాదని మీకు రాసిచ్చింది అబద్ధం. ఆపమని చెప్పింది మా ఆఫీసే. మొన్న మీరు వచ్చిన సభ చేసిందీ మా ఆఫీసే. ఆ హరిత సమితి నా సొరుగులో ఉంటుంది. ఒప్పుకున్నప్పుడు మా నాన్నగారికి ఇవేమీ తెలియవు. శాలువా కప్పించింది నేను."

ఆఖరి మాటకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులకి పసుపు. కౌసల్యమ్మ గబగబా వచ్చి తన కొంగుతో తుడిచింది. "ఏడ్వకు బిడ్డా. మంచిగ జెప్పినవ్."

తారామణిగారి నవ్వు పోయింది. కోపమో, అవమానమో, ఆ ముఖం చూసి చెప్పడం కష్టం. ఆవిడ లేస్తారని అందరూ అనుకున్నారు. కమలకుమారి తాంబూలం పళ్లెం అందుకోబోయింది కూడా.

బయట గేటు తెరిచిన చప్పుడైంది. "ఆంటీ, లోపలికి రావచ్చా?" అని తేజేష్ గొంతు, దాని వెనకే ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ వెలుగు.

తారామణిగారు ఆ వైపు ఒక్కసారి చూసి, తన పాదాల వైపు చూసుకున్నారు. ఒక కాలు పచ్చగా ఉంది. రెండోది ఇంకా ఉత్తగానే ఉంది.

"ఆ అబ్బాయిని అక్కడే కూర్చోమనండి" అన్నారు బుచ్చిబాబుగారితో. తర్వాత బిందుమాధవి వైపు వంగారు. "రెండో కాలికి కూడా రాయమ్మా. ఆరేదాకా లేవకూడదు కదా. అందాకా మొదట్నుంచీ చెప్పు, ఏదీ వదలకుండా."

బిందుమాధవి రెండో పాదాన్ని చేతుల్లోకి తీసుకుంది.